నా భయానికి వచ్చింది తెలుగొక్కటే

నా గొంతు బొంగురుపోయింది. జలుబు కాదు, మాట్లాడి మాట్లాడి పోయింది. మా ఆయన వేడినీళ్ళలో ఉప్పు కలిపి తెచ్చి, "ఇంక సాలించు" అన్నారు. నలభై దాటిన నా బతుకులో నన్ను మాటలు చాలించమన్న మొదటి మనిషి ఆయనే. ఆ సంతోషంలో ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. నోటికి విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి చేత్తో చెబుతున్నాను.

నా పేరు వరలక్ష్మి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకి పనికి వచ్చాడు. మా నాన్న, మావగారు, ఇప్పుడు మా ఆయన, అందరూ ఆ వర్క్‌షాపు వాళ్ళే. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే కాపురానికి వచ్చాను. నాకొక జబ్బు ఉంది. డాక్టరు దాన్ని సోషల్ యాంగ్జైటీ అంది. అంతకు ముందు మా వాళ్ళు దాన్ని పొగరు అన్నారు. అలా అన్నవాళ్ళు ఒక్కొక్కరూ నాకు గుర్తున్నారు. ఏ గుమ్మంలో నిలబడి అన్నారో, అప్పుడు ఏ చీర కట్టుకున్నారో కూడా గుర్తుంది. అన్నవాళ్ళు అనేసి టీ తాగడానికి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ మాటని ఇంటికి తెచ్చుకుని ఏళ్ళ తరబడి దాంతోనే కాపురం చేశాను.

ఈ జబ్బు రోజూ ఎలా ఉంటుందో చెబుతాను, మీ ఇంట్లో ఇలాంటివాళ్ళు ఎవరైనా ఉంటే పోల్చుకోండి. గోల్‌బజార్‌లో ఎదురుగా తెలిసినవాళ్ళు కనపడితే చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించేదాన్ని. ఒకసారి అలా నటిస్తుండగానే ఫోను మోగింది. గ్యాస్ బుక్ చెయ్యాలంటే ముందు ఏం చెప్పాలో గోడకి చెప్పుకుని, తర్వాత ఫోనుకి చెప్పేదాన్ని. పెళ్ళిళ్ళలో అందరికంటే ముందే వెళ్ళి వంటవాళ్ళ దగ్గర కూర్చుని కూరలు తరిగేదాన్ని. కత్తిపీట ముందు కూర్చున్న మనిషిని ఎవరూ పలకరించరు. "కోడలు పనిమంతురాలు" అనేవాళ్ళు. అది పనితనం కాదు, దాక్కోవడం. ఇంటికొచ్చాక అక్కడ ఎవరితో ఏం మాట్లాడానో మళ్ళీ మళ్ళీ తలుచుకుని, ఆ మాట ఎందుకన్నాను, ఈ మాట ఎందుకన్నాను అని వంట చేస్తూ నన్ను నేను కడిగేసుకునేదాన్ని.

ఇంకొక విచిత్రం. మా క్వార్టరుకి దగ్గర్లోనే తెలుగువాళ్ళ కిరాణా కొట్టుంది. దాన్ని దాటుకుని, ఎండలో అంత దూరం నడిచి మార్వాడీ కొట్టుకి వెళ్ళేదాన్ని. ఎందుకని నన్ను నేనెప్పుడూ అడగలేదు.

మరిది పెళ్ళినాటి వేసవి

మనలో కార్డు ఇవ్వడం పిలవడం కాదు. కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మం ఎక్కాలి. ఇంటావిడకి బొట్టు పెట్టాలి. కూర్చోవాలి. ఇంటిల్లిపాదీ రావాలి అని నోటితో అనాలి. ఖరగ్‌పూర్ వచ్చి మూడు తరాలైనా మా వాళ్ళు ఇది వదల్లేదు. అసలు ఊరి కంటే ఇక్కడే పట్టింపు ఎక్కువ.

మరిది పెళ్ళికి పిలుపులు పంచుకున్నాం. మా ఆయన అక్క, అంటే మా వదిన సత్యవతి, తాల్‌బగీచా వైపు తీసుకుంది. ఖరిదా పేటలోని ఇళ్ళు నాకు వేసింది. నాకు తోడు ఎవరూ రాలేదు. కొత్త కోడలిని కాదు కదా, పిలవడానికి భయమేంటి అన్నారు.

భయమేంటో చెబుతాను. మొదటి ఇంటి గేటు దగ్గర నా గుండె చెవుల్లో కొట్టుకుంది. నాలుక అట్టముక్కలా అయిపోయింది. భరిణె మూత తియ్యబోతే చెయ్యి వణికి కుంకుమ చీర మీద పడింది. లోపల ఎవరో నవ్వారు. నన్ను చూసి కాదేమో, టీవీ చూసి కావచ్చు. నేను వెనక్కి తిరిగాను. ఆ తర్వాత అందరూ భోంచేసి పడుకునే వేళ చూసుకుని బయల్దేరాను. ప్రతి ఇంటి గ్రిల్లులో కార్డు దోపి, పక్కనే కుంకుమ పొట్లం పెట్టి వచ్చేశాను. ఎవరి బొట్టు వాళ్ళు పెట్టుకోవచ్చు కదా. పొట్లాలు కట్టడానికి నేను పడ్డ శ్రమ ఇంతవరకూ ఎవరూ మెచ్చుకోలేదు.

పెళ్ళిరోజు మధ్యాహ్నం ఖరిదా వాళ్ళకోసం వేసిన విస్తళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. మా అత్తగారి చిన్నప్పటి స్నేహితురాలు పార్వతమ్మ పిన్ని ఖరిదాలో తెలుగువాళ్ళకి పెద్ద దిక్కు. ఆవిడ కదిలితే వీధి కదులుతుంది. ఆవిడ రాలేదు. మా అత్తగారు ఫోను చేస్తే, మండపంలో అందరికీ వినపడేలా ఫోనులోంచి జవాబొచ్చింది. "కార్డు పోస్టుమేన్ ఏసినాడు గావాల. మమ్మల్నెవులూ పిలవనేదు."

వదిన నా వైపు తిరిగింది. ఒక్క మాటా అనలేదు. అనకుండా చూసింది. అది అనడం కంటే ఎక్కువ, దాన్ని విడిగా గుర్తుపెట్టుకున్నాను. నాకు ఊపిరి ఆడలేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళబోయి మధ్యలోనే కూలబడ్డాను.

ఆసుపత్రిలో గుండె పరీక్షలు చేస్తున్నంతసేపూ చచ్చిపోతాననే అనుకున్నాను. అంతకంటే ఘోరం, పెళ్ళి చెడగొట్టి చచ్చిపోయింది అంటారేమో అనుకున్నాను. చావు కంటే ఆ మాటకే నాకు ఎక్కువ భయం వేసింది. నాలాంటివాళ్ళకి తప్ప ఇది ఎవరికీ అర్థం కాదు. గుండె బాగానే ఉందన్నారు. బయట బెంచీ మీద కూర్చున్న వదిన అది విని, "గుండికేటీ నేదట. ఉన్న రోగమంతా బుద్దికే" అంది. పక్కన ఎవరో పేషెంటు తాలూకు మనుషులు కూడా నవ్వారు. వాళ్ళకి తెలుగు రాదు. అయినా నవ్వారు.

వార్డులో ఒక చిన్న వయసు డాక్టరమ్మ మాత్రం నా మంచం పక్కనే వంగి, గుండె బాగున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు, మనసు డాక్టరుని ఒకసారి చూడండి అని చాలా మెల్లగా చెప్పింది. మెల్లగా చెప్పినందుకు ఆమెకి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

దుర్గాపూజ ముందు

ఖరగ్‌పూర్‌లో చూపించుకుంటే తెలుగువాళ్ళు చూస్తారు. అందుకని నది దాటి మేదినీపూర్‌లో ఒక క్లినిక్కుకి వెళ్ళాం. లోకల్ రైల్లో మా ఆయన, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. ఇదంతా అవసరమా అని ఆయన మొహం మీద రాసి ఉంది. నోటితో మాత్రం అనలేదు. అది ఆయన లెక్కలో మంచితనమే.

క్లినిక్కులో వరండా నిండా మనుషులు. ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడరు. అబ్బ, ఆ సుఖం ఎలా చెప్పను! అలాంటి పెళ్ళిమండపం ఒకటుంటే రోజూ వెళ్తాను. ఇంతలో కాంపౌండరు తలుపు తీసి గట్టిగా పేరు పిలిచాడు. "బొరొలొక్ఖీ! బొరొలొక్ఖీ కే ఆఛే?" అందరూ తలలెత్తి చూశారు. అది బెంగాలీ నోట నా పేరేనని గ్రహించాక కూడా లేవలేకపోయాను. మా ఆయన చెయ్యి పట్టి లేపారు. చెమటతో తడిసిపోయి లోపలికి వెళ్ళాను.

డాక్టరు బెంగాలీ ఆవిడ, నా ఈడుదే. నాతో హిందీలో మాట్లాడింది. ఏమిటి ఇబ్బంది అని అడిగితే నేను మొదలుపెట్టాను. పెళ్ళి సంగతి, పోస్టుమేన్ మాట, వదిన చూపు, అంతకు ముందు ఆరో తరగతిలో టీచరు, కాపురానికొచ్చిన కొత్తలో పప్పులో ఉప్పు గురించి ఒకావిడ అన్న మాట, అన్నీ వరసగా చెప్పాను. ఆవిడ ఆపలేదు. అంతా విన్నాక, "వీటిల్లో ఒక్కదానికైనా అప్పుడే తిరిగి జవాబు చెప్పారా?" అని అడిగింది. చెప్పలేదన్నాను. "మీ తల లోపల మిమ్మల్ని తిట్టేది ఏ భాషలో?" అని అడిగింది.

ఎవరైనా అడిగే ప్రశ్నేనా అది! మేం మూడు భాషల ఊరి వాళ్ళం. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, పక్కింట్లో బెంగాలీ. నేను కళ్ళు మూసుకుని విన్నాను. తెలుగు. ఉత్త తెలుగు. అందులోనూ మా వదిన గొంతు. హిందీలో నన్ను ఎవరూ తిట్టడం లేదు. బెంగాలీలో అసలు చడీచప్పుడూ లేదు. మార్వాడీ కొట్టుకి అంత దూరం ఎందుకు నడిచేదాన్నో ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను. హిందీలో నేను ఎవరో ఒక ఆడమనిషిని. తెలుగులో నేను ఫలానా వాళ్ళ కోడలిని, ఫలానా మాట అనలేనిదాన్ని. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇన్నేళ్ళ జబ్బుకి ఒక హద్దు దొరికింది! అది నా ఒళ్ళంతా లేదు. ఒక్క భాషలోనే ఉంది.

డాక్టరు మందు రాసింది. మందు గురించి నేనేమీ చెప్పను, అది ఎవరిది వాళ్ళకి. ఒక్కటి చెబుతాను, పక్కింటివాళ్ళ మాట విని మానెయ్యకండి. "పిచ్చిమాత్రలు" అని వదిన అన్నదని నేను ఒకసారి మానేసి, మళ్ళీ వంటింట్లోంచి బయటికి రాని రోజులు చూశాను.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆ కాంపౌండరు నా పేరు అరవలేదు. వరండాలోకి నడిచి వచ్చి, నా కుర్చీ పక్కన ఆగి, "బౌదీ, ఆప్నార్ పాలా" అన్నాడు. వదినమ్మా, మీ వంతు అని. నేను ఎవరికీ చెప్పుకోలేదు, అతనే చూసి తెలుసుకున్నాడు. అవమానాలు గుర్తుపెట్టుకునే తలలో ఇలాంటివి కూడా నిలుస్తాయని అప్పుడే తెలిసింది.

చలికాలం

డాక్టరు పెట్టిన పని వింటే నవ్వుతారు. బజారుకి వెళ్ళి ఫిర్యాదు చెయ్యమంది. లోపల ఇన్ని దాచుకున్నారు కదా, ఒక్కొక్కటీ బయటికి తియ్యండి, ముందు హిందీలో, తర్వాత బెంగాలీలో, చివర తెలుగులో అంది. ఇంతకంటే నాకు నచ్చిన వైద్యం లోకంలో లేదు.

మొదటి వంతు టైలరుది. ఏళ్ళ తరబడి ఆయన కుట్టిన జాకెట్లన్నీ చేతుల దగ్గర బిగుతు. చెప్పలేక అవే వేసుకుని, చెయ్యెత్తకుండా తిరిగేదాన్ని. కొట్టు ముందు నిలబడ్డాను. "మాస్టర్‌జీ, బాజూ టైట్ హై" అన్నాను. ఆ ముసలాయన కళ్ళజోడు పైకి తోసి, అయ్యో బేటీ, ముందే ఎందుకు చెప్పలేదు, నువ్వేమీ అనడం లేదని అదే కొలత కుడుతూ వస్తున్నాను అన్నాడు. అంతే! భూమి బద్దలు కాలేదు. ఆయన టేపు తీశాడు, నేను చెయ్యెత్తాను. కొట్టులోంచి బయటపడి, రోడ్డు మీద నిలబడి పుచ్కాలు, అవే పానీపూరీలు, తిన్నాను. ఒంటరిగా, అందరూ చూస్తుండగా.

తర్వాత బెంగాలీ. గోల్‌బజార్ చేపల దగ్గర, "దాదా, ఏ మాఛ్ టాట్కా నొయ్" అన్నాను. ఇది తాజా చేప కాదు అని. అతను ఊరుకుంటాడా? పొద్దున్న కూడా ఎగురుతూ ఉందన్నాడు. ఎగిరింది నీ చేప కాదు, నీ తక్కెడ అన్నాను. పక్క బుట్టవాళ్ళు నవ్వారు. ఈసారి నవ్వింది నా వైపు చేరి. చేప మాత్రం మార్చలేదు, నేను ఓడిపోయాను. ఓడిపోయి ఇంటికి వస్తూ దారంతా నాలో నేనే నవ్వుకున్నాను. ఆ చేప పులుసు బాగోలేదు. ఎవరైనా బాగుందంటే ఒప్పుకోనని ముందే చెప్పాను.

తర్వాత తెలుగు. అక్కడ ఆగిపోయాను. తెలుగు కిరాణా కొట్టాయన చింతపండులో గింజలే ఎక్కువ ఇస్తాడు. అది చెప్పడానికి వెళ్ళాను. "ఏటమ్మా, ఏటి కావాలి?" అన్నాడు. "చింతపండు" అని కొనుక్కుని వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ చింతపండు. మా అత్తగారు డబ్బాలు చూసి, ఒలే, ఊరందరికీ పులిహోర సేస్తావేటి అని అడిగారు.

ఈ మాఘమాసం

తాల్‌బగీచాలో మా సొంత ఇల్లు పూర్తయింది. ఇన్నేళ్ళు రైల్వే క్వార్టర్లలో ఉన్నవాళ్ళకి సొంత గుమ్మం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ముహూర్తం పెట్టుకున్నారు. ఆ సాయంత్రం మా ఆయన, వదిన, అత్తగారు హాల్లో కూర్చుని నిర్ణయించేశారు. పిలుపులన్నీ వదినే చేస్తుంది. వచ్చినవాళ్ళని గుమ్మంలో వదినే ఎదుర్కుంటుంది. నేను లోపల వంట చూసుకోవాలి. మా ఆయన నాకు మంచి వార్త చెప్పినట్టు చెప్పారు. నీకు ఇబ్బంది లేకుండా చేసినాను అన్నారు.

నిజమే, ఇబ్బంది ఉండదు. నా ఇంటికి ఇంకొకరు పిలుస్తారు, నా గుమ్మంలో ఇంకొకరు నిలబడతారు. ఇప్పుడు లోపలికి వెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంటే, ఈ ఇంట్లో నా చోటు ఎప్పటికీ అదే. నాకు ఆ క్షణంలో అది స్పష్టంగా కనపడింది.

"నా ఇంటికి నేనే పిలుస్తాను" అన్నాను. తెలుగులో అన్నాను.

"మళ్ళీ కార్డులు గ్రిల్లుల్లో దోపుతావేటి?" అంది వదిన.

"లేదు. బొట్టెట్టి పిలుస్తాను. ఖరిదాతోనే మొదలెడతాను."

మా ఆయన నా మొహం చూశారు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి స్కూటరు తీశారు. సందు చివర ఆగి, నేను ఇక్కడే ఉంటాను, ఎంతసేపైనా పర్వాలేదు అన్నారు. ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో కొన్ని ఆ రోజు కొట్టేశాను. అన్నీ కాదు.

నేరుగా పార్వతమ్మ పిన్ని గుమ్మమే ఎక్కాను. అదొక్కటి దాటితే మిగిలినవి దాటగలనని లెక్క. ఆవిడ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి కూర్చోమంది. కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని తెలుసు. గుండె పాతలాగే కొట్టుకుంటోంది, నాలుక అట్టముక్కే. మందు తిన్నా, డాక్టరు చెప్పినా, తెలుగులో నా ఒళ్ళు నా మాట వినలేదు. అయినా భరిణె తీశాను. వేలు ముంచి ఆవిడ నుదుటికి చెయ్యి చాపాను. చెయ్యి వణికింది. బొట్టు జారి ఆవిడ ముక్కు మీద పడింది.

పరిగెత్తాలనిపించింది. పరిగెత్తకుండా నోరు తెరిచాను. ఏం వస్తుందో నాకే తెలియదు.

"పిన్నీ, మరిది పెళ్ళప్పుడు మీరు పోస్టుమేన్ అన్నారు. నాకు సానా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. గృహప్రవేశానికి మాత్రం మీరు ఇంటిల్లిపాదీ రావాలి."

ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ ఆగిపోయింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత చీరకొంగుతో ముక్కు తుడుచుకోబోయి ఆగి, అంది.

"కోపమంటే ముక్కు మీద ఉంటాది సరే. బొట్టు కూడా ముక్కు మీదే ఎడతావేటే?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇద్దరం కాసేపు ఆగలేకపోయాం. ఆవిడ తల ముందుకు వంచి, ఇప్పుడు సరిగ్గా ఎట్టు అంది. పెట్టాను. ఈసారీ వణికింది, కానీ నుదుటి మీదే పడింది. పోస్టుమేన్ మాటకి ఆవిడ క్షమాపణ చెప్పలేదు. నేనూ మరిచిపోలేదు. కానీ టీ ఇచ్చింది, తాగాను, రెండో గుమ్మానికి ఆవిడే నాతో నడిచింది. ఆ సందులో ఒక్క ఇల్లూ వదల్లేదు. పిలవాల్సిన వాళ్ళు అయిపోయాక పక్కనే ఉన్న బెంగాలీ ఇంటివాళ్ళనీ పిలిచాను, వాళ్ళ ఎదుటివాళ్ళనీ పిలిచాను. సందు చివర మా ఆయన స్కూటరు మీద వాలిపోయి ఉన్నారు. నేను ఎంతమందిని పిలిచానో విని, వంటకి ఇంకో డేగిశా చూడాలి అన్నారు.

ఆ తర్వాత వారమంతా అదే పని. ఇంటికి వచ్చాక మాత్రం పాత అలవాటు వదల్లేదు. ఏ ఇంట్లో ఏం తప్పు మాట్లాడానో తలుచుకోవడం మొదలయ్యేది. మొదలవనిచ్చేదాన్ని. మర్నాడు మళ్ళీ భరిణె తీసేదాన్ని. ఈ జబ్బున్నవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. భయం పోయాక వెళదామని కూర్చోకండి, నాది ఇంకా పోలేదు.

గృహప్రవేశం రోజు పూజ అయి, భోజనాల వేళకి జనం రావడం మొదలైంది. వంట చూసి హాల్లోకి వచ్చేసరికి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. గంధం గిన్నె, పన్నీరు బుడ్డి ఆవిడ చేతిలోనే ఉన్నాయి. అలవాటుగా నిలబడింది, అంతే. ఖరిదా వాళ్ళు వీధి మలుపు తిరుగుతున్నారు, పార్వతమ్మ పిన్ని ముందు నడుస్తోంది. నా గుండె మళ్ళీ చెవుల్లోకి వచ్చింది. లోపల కత్తిపీట ఖాళీగానే ఉంది.

"వదినా, జరగండి. గుమ్మం దగ్గర నేనుంటాను."

"నీకు గాబరా వస్తాది కదే" అంది వదిన. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు.

"వస్తాది. అయినా జరగండి."

వదిన జరిగింది. వెంటనే జరగలేదు. గంధం గిన్నె నా చేతికి ఇవ్వడానికి కూడా కాస్త ఆలోచించింది. ఆ ఆలస్యం నాకు గుర్తుంది. గిన్నె అందుకుని, వణికే చెయ్యి అందరికీ కనపడేలా ముందుకు చాపి, రండి పిన్నీ, రండి అన్నాను.